డాల్ఫిన్ తీసేయండి, కొండ ఉంచండి

ముందుగా ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెబుతాను. అడిగినవారిది విశాఖ. కాలనీ కుర్రాళ్ళ వాలీబాల్ క్లబ్బుకి లోగో గీస్తున్నారు. కమిటీ పెద్దలు "చూడగానే వైజాగ్ అనిపించాలి" అన్నారట. దాంతో ఉదయిస్తున్న సూర్యుడు, ఆ సూర్యుడి ముందు ఎగురుతున్న డాల్ఫిన్, పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్, కింద జలాంతర్గామి, దాని కింద అలలు, మధ్యలో ఎక్కడో బంతి పెట్టారు. అంతా అయ్యాక స్నేహితుడొకరు చూసి "ఇదెక్కడో చూసినట్టుంది" అన్నాడు. ఊరి గుర్తులు ఊరందరివీ కదా, వాటితో గీసిన బొమ్మ కొత్తగా ఉండటం అసలు సాధ్యమేనా అని వీరి సందేహం.

సాధ్యమే. కాకపోతే బంతి కాక పెట్టిన ఆరింటిలో ఒక్కటే మిగలాలి. ఆ ఒక్కటి కూడా పోస్టుకార్డు మీద కనిపించే కోణంలో కాకుండా మీ వాళ్ళు రోజూ చూసే కోణంలో ఉండాలి. మీ బొమ్మలో నాకైతే పనికొచ్చేది డాల్ఫిన్స్ నోస్ కొండ గీత ఒక్కటే. దాన్నే మీరు లైట్‌హౌస్ నిలబెట్టడానికి అరుగులా వాడుకుని వదిలేశారు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. వరంగల్‌లో సైన్‌బోర్డులు రాసే దుకాణంలో మొదలుపెట్టాను. ఫ్లెక్సులు వచ్చి ఆ పని పోయాక కంప్యూటర్లో బొమ్మలు గీసే కోరల్‌డ్రా నేర్చుకుని హైదరాబాద్ చేరాను. జట్ల లోగోలు నలభై దాకా గీసి ఉంటాను. పెద్ద లీగులవి కావు, గల్లీ జట్లు, కాలేజీలు, కొన్ని జిల్లా జట్లు. వాటిలో ఓ పది చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది, కింద చెప్పేవాటిలో అవీ ఉన్నాయి.

మీ స్నేహితుడు అన్నది నిజమే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మయామీ డాల్ఫిన్స్ అనే జట్టు ఉంది. 1966లో ఆట మొదలుపెట్టిన నాటి నుంచీ వాళ్ళ గుర్తు సూర్యబింబం ముందు ఎగిరే డాల్ఫినే. మధ్యలో గీతలు మార్చారు తప్ప ఆలోచన మారలేదు. మీరు దాన్ని చూసి గీశారని నేననను. సముద్రం అనగానే సూర్యుడు, సూర్యుడనగానే ఎగిరే డాల్ఫిన్ చేతిలోకి వాటంతటవే వచ్చేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. మీ చేతికి మొదట వచ్చిన బొమ్మ పక్కవాడి చేతికీ మొదటే వస్తుంది. అందుకే నేను మొదటి రోజు గీసినవన్నీ ఒక కవర్లో పడేసి పక్కన పెడతాను. పారేయను, మూడో రోజు తీసి చూస్తే ఏ పోలికల్లో పడిపోతున్నానో తెలుస్తుంది.

ఇంకో మాట, కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి. డాల్ఫిన్స్ నోస్‌లో డాల్ఫిన్ లేదు. ఓడరేవు ముఖద్వారం దగ్గర సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకి ఆకారాన్ని బట్టి ఆ పేరొచ్చింది. పేరులో ఉన్న పోలికను పట్టుకుని జంతువును గీయడమంటే చిలకలూరిపేట జట్టుకి చిలకను పెట్టడమే. మీ ఊరికి దేవుడిచ్చిన కొండ గీత ఒకటుంటే దాన్ని వదిలేసి, ఏ సముద్రతీరానికైనా అతికే చేపలాంటి జంతువును తెచ్చుకున్నారు. (డాల్ఫిన్ చేప కాదని నాకూ తెలుసు, కామెంట్లలో మొదలుపెట్టకండి.)

నేను ప్రతి లోగోకీ పెట్టే పరీక్ష ఒకటుంది. కింద రాసిన ఊరి పేరు చెరిపేసి ఇంకో ఊరి పేరు రాస్తాను. మీ బొమ్మ కింద కాకినాడ అని రాయండి, చెన్నై అని రాయండి, మయామీ అని రాయండి. ఎక్కడా అడ్డు తగలదు. పేరు మార్చినా చెల్లిపోయే బొమ్మలో ఊరు లేదు, ఊరి పేరు మాత్రమే ఉంది. కమిటీ అడిగింది ఊరిని.

ఇక నా తప్పుల సంగతి. హైదరాబాద్‌లో ఆఫీసుల మధ్య ఆడే లీగు ఒకదానికి క్రికెట్ జట్టు లోగో గీసినప్పుడు నేను చేసిందీ ఇదే. హైదరాబాద్ కాబట్టి చార్మినార్. నాలుగు మినార్లు, మధ్యలో కమాను, కమానులో బంతి. కంప్యూటర్ తెర మీద బ్రహ్మాండంగా ఉంది. టోపీ మీద ఎంబ్రాయిడరీకి ఇచ్చాం. పంచింగ్, అంటే బొమ్మను కుట్టు మిషనుకి ఎక్కించే పని, చేసే అబ్బాయి చూసి "అన్నా, ఇంత చిన్నదాంట్లో ఈ బాల్కనీలన్నీ రావు" అన్నాడు. వినలేదు. ఐదు సెంటీమీటర్ల వెడల్పులో కుట్టి తెస్తే మినార్లు నాలుగు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. అది చాలదన్నట్టు జట్టు కెప్టెన్ వాళ్ళ నాన్నగారు టోపీ చేతిలోకి తీసుకుని, "ఏం బాబూ, చార్మినార్ సిగరెట్టు కంపెనీ వాళ్ళు స్పాన్సర్ చేస్తున్నారా?" అని అడిగారు. ఆ తరం వాళ్ళకి ఆ కట్టడం బొమ్మ అంటే మొదట గుర్తొచ్చేది సిగరెట్టు పెట్టే.

1591లో కట్టిన చార్మినార్ తప్పేమీ లేదు ఇందులో. బిర్యానీ సెంటరు, కోచింగ్ సెంటరు, ముత్యాల దుకాణం, ట్రావెల్స్ బస్సు, అందరూ అదే కోణంలో, ఎదురుగా నిలబడి గీశారు. నేనూ వెళ్ళి వాళ్ళ వరసలోనే నిలబడ్డాను. ఇంతకంటే ఘోరం కూడా చూశాను లెండి. నాలుగు మినార్లనూ మూడు స్టంపులనూ కలపాలని చూసి, లెక్క కుదరక ఒక మినార్‌ని కోసేసిన లోగో.

ఆ టోపీలు పక్కన పడేశాక కెప్టెన్ ఒక ఆదివారం నన్ను వాళ్ళు ప్రాక్టీసు చేసే మైదానానికి తీసుకెళ్ళాడు. నగరానికి పడమటి వైపు. మైదానం అంచున బండ మీద బండ, దాని మీద ఇంకో బండ, పడిపోతుందేమో అన్నట్టు నిలబడి ఉంది. దక్కన్‌లో పెరిగినవాళ్ళకి కొత్త కాదు కదా, ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. కుర్రాళ్ళు దాని మీదెక్కి స్కోరు రాసుకుంటున్నారు. ఇంకేం వెతకాలి? రెండు బండలు గీసి, మూడో బండ స్థానంలో బంతిని పెట్టాను. మొత్తం మూడు ఆకారాలు. అగ్గిపెట్టె మీద అచ్చేసినా తెలుస్తుంది. చార్మినార్ లేకుండా హైదరాబాద్ ఏంటని మొదట ఇద్దరు గొణిగారు. జెర్సీ వేసుకున్నాక ఆ గొణుగుడు ఆగిపోయింది. ప్రత్యర్థి జట్టు వాళ్ళు "బండలోళ్ళు" అని పిలవడం మొదలుపెట్టారు. లోగో అతుక్కుందని నాకు అప్పుడు అర్థమైంది.

మరి ఒకే గుర్తును ఇద్దరు వాడితే కాపీ కాదా? కాదు. మాంచెస్టర్ సంగతి చూడండి. ఆ నగర చిహ్నంలో 1842 నుంచీ ఓడ ఉంది, వ్యాపారానికి గుర్తుగా. ఇవాళ ఆ ఊళ్ళోని రెండు ఫుట్‌బాల్ జట్లు, యునైటెడ్, సిటీ, రెండింటి లోగోల్లోనూ పైభాగంలో ఆ ఓడే ఉంటుంది. బద్ధ శత్రువులు. అయినా ఒకరి లోగో చూసి ఇంకొకరిదని ఎవరూ పొరబడరు. యునైటెడ్ వాళ్ళు ఓడ కింద త్రిశూలం పట్టుకున్న ఎర్ర దెయ్యాన్ని పెట్టుకున్నారు. సిటీ వాళ్ళు 2016లో మార్చిన లోగోలో ఓడ కింద ఎర్ర గులాబీని, ఊళ్ళో పారే మూడు నదులకు గుర్తుగా మూడు ఏటవాలు గీతలను పెట్టుకున్నారు. ఓడ ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. దాని కింద ఉన్నది ఎవరిది వాళ్ళదే. కాబట్టి మీ ఊళ్ళో ఇంకో క్లబ్బు కొండను వాడుకుందని మీరు వదులుకోనక్కర్లేదు, వాళ్ళు నిలబడిన చోట నిలబడి గీయకపోతే చాలు.

"మరి న్యూయార్క్ మెట్స్ వాళ్ళు ఊళ్ళోని భవనాలన్నీ పెట్టారు కదా" అని ఎవరో ఒకరు అంటారు, నాకు తెలుసు, ప్రతిసారీ అంటారు. నిజమే, ఆ బేస్‌బాల్ జట్టు గుండ్రటి లోగోలో చర్చి శిఖరం, ఎంపైర్ స్టేట్ భవనం, ఐక్యరాజ్యసమితి భవనం, ముందు వంతెన, ఇలా చాలా ఉన్నాయి. కానీ ఆ జట్టు ఎలా పుట్టిందో చూడాలి. 1957 సీజన్ అయిపోగానే న్యూయార్క్‌లోని రెండు జట్లు, బ్రూక్లిన్ డాడ్జర్స్, జెయింట్స్, కట్టగట్టుకుని కాలిఫోర్నియా వెళ్ళిపోయాయి. ఊరు గుండె పగిలింది. 1962లో మెట్స్ వచ్చినప్పుడు డాడ్జర్స్ నీలాన్ని, జెయింట్స్ నారింజ రంగును తీసుకున్నారు. చర్చి శిఖరం బ్రూక్లిన్ కోసం. ముందున్న వంతెన విడిపోయిన అభిమానులను కలపడానికి. అక్కడ ప్రతి ముక్కకూ పని ఉంది. మీ జలాంతర్గామికి ఏం పని ఉందో ఒక వాక్యంలో చెప్పగలరా? చెప్పగలిగితే ఉంచండి. ఇంకా ముఖ్యమైన సంగతి, అంత కథ ఉన్నవాళ్ళు కూడా టోపీ మీద ఆ భవనాలేవీ కుట్టరు. ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు అక్షరాలే ఉంటాయి. చిన్న చోట చిన్న గుర్తు.

నాకు ఈ పనిలో బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం నాష్‌విల్. అమెరికాలో కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి ఊరు. ఆ ఊరి జట్టుకి లోగో అంటే మనలో నూటికి తొంభై మంది గిటారే గీస్తాం. 1971లో ఆ ఊరి నడిబొడ్డున ఒక బ్యాంకు భవనానికి పునాది తవ్వుతుంటే కత్తికోరల పులి ఎముకలు బయటపడ్డాయి. వేల ఏళ్ళ నాటివి. 1998లో మంచు హాకీ జట్టు ఆట మొదలుపెట్టినప్పుడు ఆ కోరల జంతువే వాళ్ళ గుర్తయింది. పేరు ప్రెడేటర్స్, అంటే వేటాడే జంతువులు. ఆ లోగో చూసిన బయటివాడికి అదొక పులి. ఊరివాడికి మాత్రం "మా బ్యాంకు కింద దొరికింది" అని చెప్పుకునే కథ. బయటివాడికి ఒక బొమ్మ, ఊరివాడికి దాని వెనక ఒక కథ, ఈ రెండూ ఒకే గీతలో ఉండాలి. నేను వెతికేది ఎప్పుడూ దీన్నే. పది జట్లలో ఒక్కదానికి దొరుకుతుంది.

మన దగ్గరే ఇంకోటుంది. చెన్నైయిన్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు 2014లో వచ్చినప్పుడు మెరీనా బీచినో, గోపురాన్నో పెట్టుకోలేదు. దిష్టిబొమ్మ ముఖాన్ని పెట్టుకుంది. కడుతున్న ఇంటి ముందు మనమూ కడతామే, కోరలూ మీసాలూ పెట్టి, అదే. ఏ పర్యాటక పుస్తకంలోనూ దాని ఫొటో ఉండదు. వీధిలో నడిచే ప్రతివాడికీ తెలుసు. పైగా ప్రత్యర్థిని గుడ్లురిమి చూస్తున్నట్టుంటుంది, ఆటకీ సరిపోయింది. నాకు ముందు తట్టనందుకు ఇప్పటికీ కడుపుమంటే.

కట్టడమే కావాలని కమిటీ పట్టుబడితే అప్పుడేం చేయాలి? దాచండి. సియాటిల్ హాకీ జట్టు క్రాకెన్ 2020లో లోగోలు బయటపెట్టింది. ప్రధాన లోగోలో ఊరి ప్రఖ్యాత టవరు స్పేస్ నీడిల్ లేనే లేదు, క్రాకెన్ అనే సముద్రపు రాక్షసి చేయి చుట్టుకున్న ఎస్ అక్షరం మాత్రమే ఉంది. రెండో లోగో లంగరు. ఆ లంగరు నడిమి కాడను కాస్త నిదానంగా చూస్తే అది స్పేస్ నీడిల్. రేవు పట్టణం, కట్టడం, రెండూ ఒకే ఆకారంలో ఇమిడిపోయాయి. చూసినవాడు తనే కనిపెట్టిన సంబరంతో పక్కవాడికి చూపిస్తాడు.

నేను దాచడం నేర్చుకున్నది వరంగల్‌లో ఒక కబడ్డీ జట్టుకి పని చేస్తున్నప్పుడు. వాళ్ళకి కాకతీయ తోరణం కావాలి. మా ఊరివాళ్ళకి తోరణం మీద ఉన్న ప్రేమ నాకూ ఉంది, కానీ 2014 నుంచి అది తెలంగాణ రాజముద్రలో కూడా ఉంది. దాంతో తోరణాన్ని గుండ్రటి చట్రంలో పెడితే జట్టు లోగో కాస్తా తహసీల్దారు కార్యాలయం సీలులా తయారవుతోంది. నాలుగు సార్లు గీశాను, నాలుగు సార్లూ సర్టిఫికెట్టే వచ్చింది. చివరికి కోటకు వెళ్ళి తోరణం కింద నిలబడి పైకి చూశాను. అడ్డదూలం రెండు చివర్లా హంసలు కూర్చుని ఉంటాయి. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసినవే, ఎప్పుడూ చూడనివే. ఒక్క హంసను తీసుకున్నాం. మొదటిసారి గీస్తే దీపారాధన నూనె డబ్బా మీద బొమ్మలా వచ్చింది, మెడ వంపు మరీ సుకుమారంగా. కాకతీయ శిల్పి చెక్కింది అలా ఉండదు, పొట్టిగా, బరువుగా, తోక నిండా పనితనంతో ఉంటుంది. ఆ బరువు తెచ్చి, రైడర్ గీత కోసం చెయ్యి చాచినట్టు మెడను ముందుకు చాచాక కుదిరింది.

ఇంకోటి గోదావరి ఒడ్డున. రాజమండ్రి కుర్రాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు. వాళ్ళ ఊరికి విల్లులా వంగిన కమానుల రైలు వంతెన ఉంది కదా, ఒక్కో కమాను దాదాపు 97 మీటర్లు, మొత్తం 28. అందరూ దాన్ని సూర్యాస్తమయంతో సహా గీస్తారు. నేను మూడే కమానులు తీసుకుని, ఒకదానికంటే ఒకటి చిన్నదిగా గీసి, చివర బంతి పెట్టాను. నేల మీద ఎగిరెగిరి పడుతున్న బంతి దారి అది. వంతెన కూడా అదే. ఐదు నిమిషాల్లో వచ్చింది. ఆ ఐదు నిమిషాల కోసం మూడు వారాలు తిరిగాను. డబ్బులు మాత్రం ఐదు నిమిషాలకే ఇచ్చారు.

ఇప్పుడు మీ ఊరికి వద్దాం. విశాఖలో నేనుండలేదు, పనుల మీద చాలాసార్లు వచ్చాను. కాబట్టి ఇవి మీరు తిరిగి చూసుకోవాల్సిన దారులు, అంతవరకే.

రామకృష్ణా బీచిలో నిలబడి దక్షిణం వైపు చూడండి. కొండ గీత నీటిలోకి దిగుతూ చివర ముక్కులా ఆగుతుంది. ఫొటో తీయకండి, పెన్సిలుతో గీయండి, పదిసార్లు. తర్వాత చూడకుండా గీయండి. చూడకుండా గీసినప్పుడు ఏది మిగిలిందో అదే మీ లోగో గీత. ఆ ముక్కు కొసన బంతి తాకీ తాకనట్టు ఉంటే వాలీబాల్ అని ఎవరికీ చెప్పక్కర్లేదు. సర్వ్‌కి ముందు బంతిని గాల్లోకి లేపిన క్షణం అది.

లేదా ఎదురు గట్టు చూడండి. రేవు ముఖద్వారానికి ఇవతల మూడు గుట్టలున్నాయి, రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వర కొండ. ఊరివాళ్ళకు ఆ మూడూ కలిసే గుర్తుంటాయి. కాకపోతే గుట్టల గీతలే వాడండి, పైన ఉన్న ప్రార్థనా స్థలాలు వద్దు. మూడూ పెట్టినా సరే, ఏది పెద్దగా ఉంది, ఏది మధ్యలో ఉంది అన్న చోట గొడవ మొదలవుతుంది. మూడు ఉబ్బెత్తు గీతలు చాలు, తెలిసినవాడికి తెలుస్తుంది.

జాలరుల తెప్ప ఇంకో దారి. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టింది, ముందుకొస ఎత్తి ఉంటుంది. మొనలు పైకి తిరిగిన నాలుగు గీతలు గీస్తే తెప్ప అయిపోతుంది. జట్టు అన్న మాటకు దానికంటే మంచి బొమ్మ నాకు తోచలేదు. వద్దనుకుంటే మానేయండి గానీ, నేనైతే ముందు దీన్నే గీసి చూస్తాను. ఒక్క జాగ్రత్త. మీ జట్టులో ఆ వాడల కుర్రాళ్ళుంటే వాళ్ళకి చూపించి గీయండి. తాడు ఎక్కడ కడతారో తప్పుగా గీస్తే నవ్వుతారు, ఆ నవ్వు జట్టు ఉన్నంతకాలం ఉంటుంది.

రంగు విషయంలో నీలం వద్దు. సముద్రం పక్కనున్న ప్రతి జట్టూ నీలమే. భీమిలి దారిలో మీకు ఎర్రమట్టి దిబ్బలున్నాయి, సముద్రం ఒడ్డునే ఎర్రటి ఇసుక మేటలు. ఆ కాల్చిన ఇటుక రంగు మీద తెల్లటి గీత పెట్టి చూడండి. నేల మీద నుంచి చూసినా, టీవీలో చూసినా, నీలం జెర్సీల మధ్య మీవాళ్ళు విడిగా కనపడతారు.

తెలుగు అక్షరం గురించి కూడా ఒక మాట. మన జట్ల లోగోలన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, కోణాలు పదునుపెట్టిన ఒకే రకం ఫాంటులో ఉంటాయి. 'వి' అని రాసి, పైనున్న గుడిని కాస్త పక్కకు సాగదీసి చూడండి. కొండ ముక్కు దాదాపు అక్కడే ఉంది. బయటి రాష్ట్రంవాళ్ళు చదవలేరని కమిటీ అంటే, చదవడానికి కింద పేరుంటుంది కదా అని చెప్పండి.

కొత్తదనం మాటెత్తాను కాబట్టి నేను చేసిన అసలైన కాపీ గురించి కూడా చెప్పాలి. ఎవరి మీదా నెపం వేయను, తప్పు పూర్తిగా నాదే. గడువు దగ్గరపడి, గీసి పెట్టిన బొమ్మలు అమ్మే ఒక స్టాక్ సైటులో గద్ద తల కొని, ముక్కు కొంచెం వంచి, రంగు మార్చి ఒక కాలేజీ జట్టుకి ఇచ్చాను. ఫైనల్ రోజు ఎదుటి జట్టు మైదానంలోకి వచ్చింది. వాళ్ళ గుండెల మీదా అదే గద్ద, అటు తిరిగి ఉంది. రెండు గద్దలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. మైకు పట్టుకున్నాయన "అన్నదమ్ముల సవాల్" అన్నాడు, మైదానమంతా నవ్వింది. డబ్బు వెనక్కిచ్చేశాను. డబ్బు పెట్టి కొన్నాను కదా అనుకుంటాం, కానీ అదే బొమ్మను వెయ్యిమందికి అమ్ముతారు. చాలా సైట్ల షరతుల్లోనే లోగోగా, ట్రేడ్‌మార్కుగా వాడకూడదని ఉంటుంది, మనం చదవం. ఇప్పుడు కంప్యూటర్ చేత బొమ్మ గీయించుకునేవాళ్ళకీ ఇదే చెబుతాను. అది ఇచ్చేది అందరి చేతికీ మొదట వచ్చే బొమ్మనే, కాకపోతే నున్నగా.

చట్టం సంగతులు త్వరగా చెప్పేస్తాను. నేను వకీలుని కాదు, పనిలో అవసరమై తెలుసుకున్నవి. కొండ మీద, పాత కట్టడం మీద ఎవరికీ కాపీరైటు లేదు. దాని ఫొటో మీద మాత్రం తీసినవాడికి ఉంటుంది, కాబట్టి నెట్లో దొరికిన ఫొటో మీద గీతలు దిద్దకండి, మీరే వెళ్ళి గీయండి. రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల చిహ్నాలను వాడటానికి 1950 నాటి చట్టం ఒప్పుకోదు. నౌకాదళం గుర్తుల జోలికీ వెళ్ళకండి. ఎవరైనా ఉక్కు కర్మాగారం గుర్తు పెడదామంటే రాతపూర్వక అనుమతి తెమ్మనండి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ హెల్మెట్ మీద ఉన్నది నిజానికి ఉక్కు పరిశ్రమ వాళ్ళ గుర్తే, అయితే వాళ్ళు అడిగి తీసుకున్నారు. ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు, క్రీడలకు 41వ తరగతి, దుస్తులకు 25వ తరగతి చూడండి. ఇంకొకటి, ఇది మీకోసం కాదు, మీ కమిటీ కోసం: బయటివాడి చేత లోగో గీయించుకుని డబ్బిచ్చినంత మాత్రాన హక్కు క్లబ్బుకి రాదు. రాసి, సంతకం పెట్టించుకోవాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళకే అనుకుంటుంది.

కమిటీకి చూపించేటప్పుడు ఒక జాగ్రత్త. ఐదు లోగోలు చూపిస్తే, ఒకదాని తోక, ఇంకోదాని తల కలపమంటారు. మీ డాల్ఫిన్, జలాంతర్గామి కూడా అలాగే చేరి ఉంటాయని నా అనుమానం. మనిషికో గంట కట్టుకుంటూ పోతే లోగో గంగిరెద్దులా తయారవుతుంది. ఒక్కటే చూపండి. కాగితం మీద కాదు, జెర్సీ మీద, నలుపు తెలుపులో రూపాయి బిళ్ళంత సైజులో, వాట్సాప్ గుండ్రటి డీపీలో. రంగులు చివర్న.

అయితే కమిటీ ఒప్పుకుంటే సరిపోదు, ఆడేవాళ్ళకీ చూసేవాళ్ళకీ ముందే చూపించాలి. ఇంగ్లండులో ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు 2013లో లోగో మార్చింది. వాళ్ళ లోగోలో ఎప్పటి నుంచో ఆ పేటలోని పాత రాతి బురుజు ఉంది, ఒకప్పుడు తాగి తిరిగేవాళ్ళను రాత్రికి బంధించిన గది అది. కొత్తదాంట్లో బురుజును తిరిగి గీశారు, లాటిన్ నినాదాన్ని తీసేశారు. ఇరవై వేలమందికి పైగా సంతకాలు పెట్టి తిరగబడ్డారు. క్లబ్బు క్షమాపణ చెప్పి, మూడు డిజైన్లు పెట్టి అభిమానుల చేత ఓటు వేయించింది. మరుసటి సీజనుకు నినాదం తిరిగొచ్చింది. ఆ బురుజు బయటివాడికి అందంగా కూడా ఉండదు. వాళ్ళకి అది ఇల్లు.

నేను చేసే పద్ధతి చిన్నది. జట్టులో కుర్రాళ్ళను కూర్చోబెట్టి లోగోను ఐదు సెకన్లు చూపించి దాచేస్తాను. కాగితం, పెన్ను ఇచ్చి గుర్తున్నది గీయమంటాను. పదిమందిలో ఏడుగురు ఒకేలాంటి బొమ్మ గీస్తే పని అయిపోయినట్టే. మీ ఇప్పటి లోగోను అలా చూపించండి, ఒక్కొక్కరూ ఒక్కో ముక్క గీస్తారు. ఒకడికి సూర్యుడు, ఒకడికి చేప. బంతి ఎవరికీ గుర్తుండదని పందెం కాస్తాను.

కొండను గీశాక ఇక్కడే పెట్టండి, పెన్సిలు గీతలే చాలు, కంప్యూటర్ ఎక్కించకముందే. తెప్ప కూడా గీస్తే రెండూ కలపకండి, విడివిడిగా పెట్టండి.